మంచి నంబరు వచ్చే చెయ్యి

చిన్న మంగళారం అనే ఊళ్లో శాంతమ్మకు బీపీ పూర్తిగా పోయిందట. ఈ మాట మొదట పుట్టింది ప్రమీలమ్మ నోట. ప్రమీలమ్మకు చర్చితో పని లేదు, వాళ్లది పటేండ్ల బజారు. అయినా ఆదివారం చర్చి మైకులో ఏది వినబడినా, సోమవారం పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి దానికి కాళ్లూ చేతులూ అతికించి ఊరంతా నడిపించే ఓపిక ఆమెకు ఉంది. శాంతమ్మ సంఘం ముందు లేచి నిలబడి సాక్ష్యం చెప్పిందట. ఏళ్ల తరబడి మింగిన గోలీలు బంద్ అయ్యాయట. పట్నం డాక్టరే ఫోన్ చేసి, ఇక నీకు అక్కర లేదమ్మా అన్నాడట. అది విని పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారట. ఇందులో దేవుడి వాటా ఎంతో, లిదియా ఇచ్చిన బీపీ మిషను వాటా ఎంతో తేల్చుకోలేక, మోకాళ్ల నొప్పులకు కూడా అలాంటి మిషను ఉంటే తనకొకటి చెప్పి పెట్టమందట ప్రమీలమ్మ.

ఈ కబురంతా మోసుకొచ్చింది ఆ ఊరి ఆశ వర్కరు వనిత. మొయినాబాద్ ఆఫీసు మెట్ల మీద చెప్పులు విడుస్తూ చెప్పింది. విన్నది లిదియా. శాంతమ్మ ఆమెకు పరాయిది కాదు, సొంత పెద్దమ్మ.

లిదియా నవ్వింది. చాలా రోజుల తర్వాత కడుపులోంచి వచ్చిన నవ్వు అది.

నవ్వకేం చేస్తుంది? అదే ఊర్లో పుట్టి, నర్సింగు చదివి, చేవెళ్ల దవాఖానలో స్టాఫ్ నర్సుగా ఆమె ఎక్కించని సెలైను లేదు, ఎత్తని బిడ్డ లేదు. కరోనా కాలంలో డాక్టర్లు ఫోన్లలోనే రోగులను చూడడం మొదలుపెట్టినప్పుడు, ఆ ఫోను పట్టుకుని మంచం పక్కన నిలబడ్డది ఆమే. దూరం నుంచి చేసే వైద్యం రుచి అప్పుడు తగిలింది. డ్యూటీ దిగి వచ్చి కంప్యూటర్ కోర్సులు చదివింది, ఆ తర్వాత పై చదువు చదివింది. ఇప్పుడు పల్లెల్లో బీపీ మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పని. చేవెళ్లలో నర్సింగు పిల్లలకు పాఠం చెబుతుంది, ఆశ వర్కర్లకు ట్యాబు వాడకం నేర్పుతుంది, ఊళ్ల నుంచి వచ్చే నంబర్లను చూసి వ్యాసాలు రాస్తుంది. మా లిదియా ఇప్పుడు సూది ముట్టదు, అన్నీ కంప్యూటర్లోనే చూస్తుంది అని తల్లి నలుగురిలో చెప్పుకుంటుంది. అది పెద్ద ఉద్యోగమో, ఉన్న ఉద్యోగం ఊడిందో తెలియక ఆ నలుగురూ తలలూపుతారు.

పద్ధతి చూస్తే తేలికే. బీపీ ఉన్న ప్రతి ఇంటికీ అరచేతిలో పట్టేంత మిషను ఇచ్చారు. పొద్దున ఏమీ తినకముందు జబ్బకు పట్టా చుట్టుకుని బటన్ నొక్కితే చాలు, ఆ నంబరు గాలిలో ఎగిరి వచ్చి లిదియా ముందున్న తెర మీద వాలుతుంది. బాగుంటే పచ్చ గడి, ఎక్కువుంటే ఎర్ర గడి, అసలు రాకపోతే బూడిద గడి. పట్నంలో కూర్చున్న డాక్టరు ఆ గడులను చూసి గోలీ పెంచమనో తగ్గించమనో ఫోన్ చేస్తారు. మిగతా ఊళ్లన్నీ వానకు తడిసిన గోడల్లా మచ్చలు మచ్చలుగా ఉంటే, చిన్న మంగళారం చర్చి బజారు మాత్రం నాటేసిన పొలంలా ఒకటే పచ్చగా ఉండేది. వచ్చే వారం ఢిల్లీలో పెద్ద సభ. అందులో లిదియా చెప్పబోయేది ఆ బజారు గురించే. పక్కన ఒక చిన్న వీడియో కూడా ఉంటే బాగుంటుందని, ఆ వీడియోలో పెద్దమ్మే ఉండాలని అనుకుంది.

మరునాడు తెల్లవారగానే వనితను స్కూటీ వెనక ఎక్కించుకుని ఊరికి పోయింది. దారిపొడుగునా వనిత ఎందుకో మాట్లాడలేదు. నిద్ర తీరలేదేమో అనుకుంది లిదియా.

ఇంటి ముందర పెద్దనాయన సాముయేలు మేకలకు సుబాబుల్ కొమ్మలు కట్టేస్తున్నాడు. శాంతమ్మ ఎక్కడని అడిగితే, అజీజ్‌నగర్ ఫాంహౌసులో ఎవరిదో పెండ్లి దావత్ ఉందని, చీకటితోనే బండి వచ్చి వంటకు తీసుకుపోయిందని చెప్పాడు. దావత్ ఉన్నా లేకపోయినా రోజూ అంతేనట. కూర్చో, చాయ్ పెడతానని అన్నాడు.

లిదియాకు ముందు కొంచెం నిరాశ కలిగింది. వీడియో పోతే పోయింది, ఇవాళ పెద్దమ్మ గడి బూడిద పడుతుంది కదా అని సంచిలోంచి ట్యాబు తీసి చూసింది. శాంతమ్మ పేరు ఎదురుగా ఉన్న గడి ఆమె చూస్తుండగానే పచ్చబడింది.

"పెద్దనాయనా, మిషను యాడున్నది?"

సాముయేలు గడ్డంతో పక్కింటి వైపు చూపించాడు.

పక్కిల్లు ప్రేమమ్మది. ముసలితనం ఇంకా పూర్తిగా మీద పడని విధవరాలు. కాలు కొంచెం ఈడుస్తుంది కాబట్టి ఫాంహౌసు పనికి పోదు. ఆమె అరుగు మీద, బంతిలో విస్తర్లు పరిచినట్టు బీపీ మిషన్లు వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద లిదియా స్వయంగా అంటించిన పేరు చీటీ. ప్రేమమ్మ గోడకు ఆనుకుని, లిదియా నేర్పినట్టే కాళ్లు కదపకుండా, మాట్లాడకుండా, ఒక మిషను పట్టా విప్పి ఇంకో మిషను పట్టా చుట్టుకుంటోంది. చుట్టిన తీరులో వంక పెట్టడానికి లేదు. మోచేతికి పైన రెండు వేళ్ల ఎడం కూడా సరిగ్గా విడిచింది.

చేతిలోది అయ్యేదాకా ఆగి, అప్పుడు పలకరించింది. "ఏం బిడ్డ, పొద్దుగాల్నే వచ్చినవ్. అమ్మ మంచిగున్నదా?"

లిదియా చూపు చీటీల మీది పేర్ల వెంట పోయింది. ప్రేమమ్మే చెప్పుకుపోయింది. ఆమె గొంతులో దాపరికమూ లేదు, జంకూ లేదు. కలుపు తీసేటప్పుడు బదులుకు పోవడం లేదా? నీ చేనుకు నేను వస్తాను, నా చేనుకు నువ్వు వస్తావు, ఎవరి చేయి ఏ గడ్డి పీకిందని ఎవరూ అడగరు, చేను బాగైతే చాలు. ఉపాధి పనిలో ఫోటో హాజరు పెట్టినప్పుడు మాత్రం ఒకరి బదులు ఒకరు నిలబడలేదా? ఈ మిషను కూడా సర్కారు హాజరు లాంటిదే అనుకున్నారు. రోజూ హాజరు పడితేనే నెలనెలా గోలీలు వస్తాయనీ, పట్నం డాక్టరు మంచీ చెడూ చూస్తాడనీ అనుకున్నారు. ఆడవాళ్లంతా చీకటితోనే బండెక్కి పోతుంటే హాజరు ఎవరు వేయాలి? ఇంటి పట్టున ఉండేది ప్రేమమ్మే. దానికి బదులుగా ఒకరు ఆమె రేషను బియ్యం మోసుకొస్తారు, ఒకరు దావత్‌లో మిగిలిన కూర గిన్నెలో పెట్టుకొస్తారు, శాంతమ్మ శనివారం శనివారం తలకు నూనె రాసి దువ్వుతుంది.

మరి మొదట్లో ఎవరికి వాళ్లే చుట్టుకున్నారు కదా అని లిదియా అడిగింది.

చుట్టుకున్నారట. అప్పుడు శాంతమ్మది రోజూ ఎర్రగా వచ్చేది. ఎర్రగా వచ్చిన ప్రతి రోజూ పని మధ్యలో ఫోన్ మోగేది. ఫాంహౌసు మేనేజరు, పనికొచ్చినవా ఫోన్ మాట్లాడనీకొచ్చినవా అని రెండుసార్లు ఇంటికి పంపేశాడు. ఇక్కడ చూస్తే, ఎర్ర గడులున్న ఊరని మొయినాబాద్ మీటింగులో గోడ మీద బొమ్మ వేసి అందరి ముందూ వనితను నిలబెట్టారు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. అప్పుడు అందరూ కూర్చుని ఎవరి చెయ్యి ఎట్లా వస్తుందో చూసుకున్నారు.

"నా చెయ్యికి మంచి నంబరు వచ్చింది. శాంతక్క చెయ్యి పెడితె ఎర్రగొస్తది, ఫోన్ మోగుతది. నా చెయ్యి పెడితె పచ్చగొస్తది, అందరికి నిమ్మలం. నీ బీపీ పడుచుపిల్ల లెక్కున్నది అత్తా అని క్యాంపుల నువ్వే అంటివి గద."

అవును, అన్నది. గోడ మీద బొమ్మ వేసింది కూడా లిదియానే. ఆమె వనిత వైపు తిరిగింది. వనిత చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ, నాకు తెలుసక్కా అన్నట్టు తల దించుకుంది. చెప్పలేదేమని లిదియా అడగలేదు. చెబితే ఆ రోజు తాను ఏమని ఉండేదో తనకు తెలుసు.

లిదియా బుర్రలో మాత్రం ఒకటే లెక్క తిరుగుతోంది. డాక్టరు ప్రేమమ్మ బీపీని చూసి శాంతమ్మ గోలీ తగ్గించారు. పచ్చగానే ఉందని ఇంకా తగ్గించారు. ఈస్టరు ముందటి మట్టల ఆదివారం వచ్చేసరికి పూర్తిగా ఆపేశారు. అంతపెద్ద డాక్టరు తనంతట తాను ఫోన్ చేసి బాగైందని చెబితే శాంతమ్మ నమ్మకుండా ఎట్లా ఉంటుంది? హాజరు వేరు, వైద్యం వేరు అనుకుంది ఆమె. డాక్టరు దగ్గర తన బాగోగులు తెలుసుకునే దారి ఇంకేదో ఉందనుకుంది. ఉండి ఉంటుందనే కదా సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది.

పెద్దమ్మకు ఫోన్ కలిపింది. మోగి మోగి ఆగింది. దావతులప్పుడు పనివాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసుకుని బీరువాలో పెడతారని, వీడియోలు తీస్తారని వాళ్ల భయమని సాముయేలు చెప్పాడు. నిన్న రాత్రి తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకుని పడుకుందని కూడా చెప్పాడు. ఉల్లిగడ్డల ఘాటు పట్టిందేమో అన్నాడు.

తల అట్లా పగిలేది ఉల్లిగడ్డలకు కాదని లిదియాకు తెలుసు.

అరుగు మీదే కూర్చుని పట్నం డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ రోజు లైనులో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. ఓపిగ్గా విన్నది. కానీ చేతిలో ఉన్న నంబర్లన్నీ మంచివే అయినప్పుడు దేన్ని చూసి గోలీ రాయమంటారు సిస్టర్ అని అడిగింది. అసలు మనిషి చెయ్యి కొలిచి పంపండి, ఆ నిమిషమే రాస్తానంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చేవెళ్ల దవాఖానలో ఉన్నప్పుడు లిదియా కూడా అదే మాట అనేది.

ఆఫీసులో తనకు పైన ఉండే సుకుమార్ సార్‌కు చెప్పింది. ఆయన, ఆ ఒక్క బజారేనా, మిగతా ఊళ్లు కూడానా అని మాత్రం అడిగాడు. తెలియదంది. ముందు పేషెంటు సంగతి చూడు, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇప్పుడే ఏమీ పెట్టకు అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకెవరైనా ఆ పచ్చ గడులను చూసి ఇంకెవరి గోలీ అయినా ఆపేస్తారేమోనని, ఆ బజారు నంబర్లను ఆపించాలని ట్యాబు తెరిచింది. నంబరు ఎందుకు నమ్మకూడదో కారణం ఎంచుకోమంది ట్యాబు. పట్టా వదులు, మిషను పాడు, బ్యాటరీ లేదు, మనిషి ఊళ్లో లేడు. ఈ కారణాలన్నీ రాసిచ్చింది లిదియానే, పల్లె సంగతులు నీకే తెలుసు కదా అని అప్పుడు ఆమెనే అడిగారు. చెయ్యి ఇంకొకరిది అనే కారణం అందులో లేదు. చివరికి మిషను పాడు అని నొక్కింది. మీ ఫిర్యాదు అందింది, త్వరలో కొత్త మిషను పంపుతాం, ధన్యవాదాలు అని వెంటనే జవాబు వచ్చింది.

తన సంచిలో ఉన్న మిషను తీసుకుని, వనితను వెంటబెట్టుకుని అజీజ్‌నగర్ దారి పట్టింది. ఆ దారిలో ఒకప్పుడు జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు ఇటూ అటూ మనిషెత్తు గోడలు, గోడల మీద గాజుపెంకులు, వాటి మీదుగా వంగిన కాగితంపూలు. ఏ గోడ వెనక పెద్దమ్మ ఉందో కనుక్కోవడానికే రెండు గేట్లు తట్టాల్సి వచ్చింది. మూడో గేటు దగ్గర కుర్చీలో ఉన్నది కొమురయ్య. ఊరివాడే. ఒకప్పుడు ఆ గోడ లోపలి నేల కొంత అతనిదే, ఇప్పుడు దానికే కావలి.

కొమురయ్య లేచి నిలబడ్డాడు. చేవెళ్ల దవాఖానలో తన కూతురి కాన్పు చేసిన లిదియా అంటే అతనికి గౌరవం. కానీ లోపలికి పంపలేనన్నాడు. మేనేజరు ప్రశాంత్ సార్ చుట్టాల కోసం ఎయిర్‌పోర్టుకు పోయాడు, ఆయన చెప్పకుండా గేటు తెరిస్తే తన కుర్చీ ఉండదు. లోపలికి కబురు మాత్రం పంపుతానన్నాడు.

కబురు పోయింది. బగారన్నం దమ్ము మీద ఉంది, వస్తుందట అని జవాబు వచ్చింది. ఇంకోసారి కబురు పంపితే వడ్డన మొదలైందని వచ్చింది. లోపల డప్పులు మోగుతున్నాయి, ఎవరో మైకు పట్టుకుని హిందీలో నవ్విస్తున్నారు. లిదియా గేటు సందులోంచి చూస్తే ఈతకొలను, దాని చుట్టూ తెల్ల గొడుగులు తప్ప వంటశాల కనబడలేదు. ఏళ్ల తరబడి ఎంతోమందిని మంచం మీది నుంచి లేపి నడిపించిన మనిషి, ఒక ఇనుప గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

చివరికి శాంతమ్మ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి వంగి బయటికి వచ్చింది. ఒంటి నిండా వేయించిన ఉల్లిగడ్డ వాసన. లిదియాను చూసి మొహం విప్పారింది. ఏమైంది, మీ అమ్మకు బాగలేదా అని అడిగింది. కొమురయ్య తన కుర్చీ ఇటు జరిపాడు.

లిదియా ఏమీ చెప్పకుండా ముందు పట్టా చుట్టింది. చెమటకు జబ్బ మీద పట్టా జారుతోంది. మిషను బుసకొట్టి, బిగిసి, వదులైంది. నంబరు చూసి లిదియా నమ్మలేదు. ఇంకోసారి కొలిచింది. పైది రెండు వందలు దాటి ఆగింది, కిందిది కూడా ఎక్కడ ఉండాలో అక్కడ లేదు. తలనొప్పి ఉందా అంటే పొద్దటి నుంచి ఉందంది. కళ్లు? కొంచెం మసకగా ఉన్నాయి, పొగకు అనుకున్నానంది.

ఆ నంబరును డాక్టరుకు పంపబోతే, మిషను లిదియాది కాబట్టి అది లిదియా పేరు మీదికే ఎక్కింది. శాంతమ్మ పేరుకు మార్చాలంటే ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఫోను బీరువాలో ఉంది. బీరువా తాళం ప్రశాంత్ సార్ జేబులో ఉంది. లిదియా ట్యాబును వనిత చేతిలో పడేసి, డాక్టరమ్మకు ఫోన్ చేసి నోటితోనే చెప్పింది. అవతలి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. తలనొప్పీ కళ్ల మసకా కూడా ఉన్నాయంటే ఇది ఇంట్లో గోలీతో అయ్యే పని కాదు సిస్టర్, ఇప్పుడే దవాఖానకు తీసుకుపొండి, ఆలస్యం చేయకండి అంది.

లిదియా నేల మీద గొంతుక్కూర్చుని, పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుని అంతా చెప్పింది. ప్రేమమ్మ చెయ్యి సంగతి, డాక్టరు చూసింది ఆ చెయ్యినే అన్న సంగతి, బీపీ ఎక్కడికీ పోలేదన్న సంగతి, ఏ నిమిషంలోనైనా కాలూ చెయ్యీ పడిపోవచ్చన్న సంగతి. పక్షవాతం అనే మాట కూడా అన్నది. బతిమాలింది. నూట ఎనిమిదికి చేస్తా, బండి ఇక్కడికే వస్తదన్నది.

శాంతమ్మ అంతా విన్నది. విని కోపం చేయలేదు, భయపడలేదు. ఇన్నాళ్లూ డాక్టరు ప్రేమక్క చెయ్యి చూసే చెప్పిండా అని మెల్లగా ఒకే ఒక్క మాట అడిగింది. లిదియా అవునంది. శాంతమ్మ చూపు ఒక క్షణం గోడ మీది కాగితంపూల దగ్గర నిలిచింది.

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. దావత్ మధ్యలో గేటు దగ్గరికి నూట ఎనిమిది వస్తే ఇక ఈ బజారు ఆడవాళ్లను ఒక్కరినీ పిలవరు. రాత్రికి ఇంకో వంట ఉంది, రేపు పొద్దున టిఫిన్లున్నాయి. పోయినసారి మధ్యలో పోయినందుకు కొడుకు శాంసన్ వచ్చి మేనేజరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. సంఘంలో మళ్లీ నిలబడి ఏమని చెప్పాలి? అది వదిలేయ్, అది దేవుడికీ నాకూ సంబంధం అంది. రేపు పని అయ్యాక చూద్దామంది.

లిదియా కొమురయ్య వైపు చూసింది, నువ్వైనా చెప్పన్నా అన్నట్టు. కొమురయ్య గేటు గొళ్లెం వైపు చూశాడు. వనిత ట్యాబును గుండెలకు హత్తుకుని నిలబడింది. లోపలి నుంచి ఎవరో శాంతమ్మా అని గట్టిగా పిలిచారు.

"రేపటిదాక ఆగది పెద్దమ్మ. నీ కాళ్లు మొక్కుత. నంబరు సూసినవ్ గద, రెండు వందలు దాటింది," అంది లిదియా.

శాంతమ్మ జబ్బ మీది పట్టా తానే విప్పి, మడతపెట్టి, లిదియా ఒళ్లో పెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసి లేచి, తూలి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"నీకు గావాల్సిన నంబరు దొరికింది గద బిడ్డ. ఇగ పో. నాకు లోపట పనున్నది."